తప్పిపోయినవారు: సున్నా

వెళ్ళొచ్చి మూడు నెలలైంది. ఉత్తరాంధ్ర తిరిగొచ్చానంటే మా తెనాలిలో అందరూ అడిగేవి రెండే. అరసవల్లి దర్శనం బాగా జరిగిందా, పలాస జీడిపప్పు తెచ్చావా అని. రెండూ లేవు. నేను వెళ్ళింది ఒక స్వచ్ఛంద సంస్థ చెప్పుకునే మాటల్లో నిజమెంతో చూసి రావడానికి. పని ఇప్పిస్తామనో, పెళ్ళి చేసుకుంటామనో ఆడపిల్లల్ని తీసుకుపోయి వ్యభిచారంలోకి అమ్మేసేవాళ్ళుంటారు. వాళ్ళ చేతుల్లో పడకుండా ఊళ్ళలో కాపలా కాయడం, పడి బయటికొచ్చినవాళ్ళకి నిలబడే దారి చూపడం ఆ సంస్థ పని. దానికి సాయం చేసే హైదరాబాదు ట్రస్టు వాళ్ళు, "ఓ వారం తిరిగి చూడండి. వీళ్ళవల్ల నిజంగా ఏమైనా ఒరిగిందా లేదా చెప్పండి" అని నన్ను పంపారు.

నన్నే ఎందుకంటే, నేను ఇరవై మూడేళ్ళు గణాంకశాఖలో చేశాను. వర్షపాతం, పంటకోత ప్రయోగాలు, పశువుల లెక్కలు. దొంగ లెక్కని వాసన చూసి పడతానని పేరు. అందులో నా గొప్పేం లేదు. కొత్తలో నేనూ రాశాను. మండలాఫీసులో వానమాపకం పగిలిన ఏడాది, రెండు నెలలపాటు కిటికీలోంచి మబ్బు చూసి మిల్లీమీటర్లు వేశాను. దొంగ దారి తెలిసినవాడికే దొంగ దొరుకుతాడు.

మనుషుల పేర్లన్నీ మార్చాను. ఒక ఊరి పేరు, కొన్ని ఆనవాళ్ళు కూడా మార్చాను. ఏవి మార్చానో అడక్కండి.

విజయనగరం

రైలు దిగేసరికి తెల్లగా తెల్లారింది. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాను. ముప్పై రూపాయలకి నాలుగు, పైన పసుపుపచ్చగా బొంబాయి చట్నీ. ఎంత వెతికినా కారం తగల్లేదు. కారప్పొడి అడిగితే వడ్డించే పెద్దాయన నన్ను పైకీ కిందకీ చూసి, "మీది గుంటూరు సైడేటమ్మా?" అన్నాడు. ఒక్క ముద్దకే నా జిల్లా పట్టేశాడు. ఈయన్ని మా శాఖలో వేసుకోవాల్సింది.

సంస్థ ఆఫీసు కోటకి కాస్త అవతల, ఒక మేడమీద. డైరెక్టరుగారు గుడ్డసంచీ ఒకటి బహుమతిగా ఇచ్చారు. దానిమీద సంస్థ పేరూ, ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతుల బొమ్మా. తర్వాత తెర మీద బొమ్మలు వేసి చూపించారు. మ్యాపు, ఊళ్ళు, కమిటీలు, ఫోటోలు. చివరి బొమ్మ మీద పెద్ద అక్షరాల్లో: "రెండేళ్ళుగా మా ఊళ్ళ నుంచి తప్పిపోయినవారు: సున్నా."

ఆయన నా ముఖంలోకి చూశారు, నేను సంతోషిస్తానని. నాకు సున్నా అంటే పడదు. వర్షపాతం రిజిస్టరులో సున్నా ఉంటే దానికి రెండర్థాలు. వాన పడలేదు, లేదా ఎవరూ వెళ్ళి చూడలేదు. తేడా కాగితం మీద కనపడదు.

నాతో తిరగడానికి కరుణగారిని ఇచ్చారు. బొబ్బిలి మనిషి, బాప్టిస్టు కుటుంబం, యాభై అయిదేళ్ళు దాటాయి. ఒకప్పుడు మిషన్ ఆసుపత్రిలో నర్సు. పదకొండేళ్ళుగా సంస్థలో ఊళ్ళు తిరిగే పని ఆవిడదే. తక్కువ మాట్లాడుతుంది. తక్కువ మాట్లాడేవాళ్ళని నేను ఎక్కువ అనుమానిస్తాను.

"ఏ ఊరెళ్దామంటారు మేడమ్?" అంది.

జాబితాలో వేలు పెట్టి ఒక ఊరు చూపించాను. "ఇక్కడికి. ఇప్పుడే ఫోను చేసి చెప్పకండి."

"చెప్పకుండా ఎలితే ఆడాళ్ళు పొలంలో ఉంటారు. మనం గోడల్తో మాటాడుకోవాల" అంది నవ్వకుండా. చివరికి ఫోను చేసింది. నేను దాన్ని నోటుబుక్కులో రాసుకున్నాను.

రామతీర్థం దాటాక

రెండో రోజు జీపు రామతీర్థం మీదుగా వెళ్ళింది. నల్లరాతి కొండ, కింద గుడి, పైన ఎప్పటివో బౌద్ధుల ఇటుక కట్టడాలు. దిగి చూద్దామా అని డ్రైవరు అడిగాడు. వద్దన్నాను. అక్కణ్ణుంచి అరగంట దూరంలో మేం వెళ్ళాల్సిన ఊరు.

కమిటీ ఆడవాళ్ళు పన్నెండుమంది బడి వరండాలో వరసగా కూర్చున్నారు. మా వైపు కొత్తమనిషి వస్తే ముందు కులం కనుక్కోవడానికి ఇంటిపేరు అడుగుతారు. ఇక్కడ ఒకావిడ సూటిగా, "నువ్వేటి పనిమీదొచ్చినావమ్మా? మా మీద రిపోర్టు రాత్తావా?" అంది. అవునన్నాను. "అయితే బాగా రాయి" అంది. అందరూ నవ్వారు.

ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎవర్నడిగినా ఒకటే జవాబు. "కొత్తోల్లు ఊర్లోకొస్తే మేం అడుగుతాం. గుంటల్ని పనికి పంపితే ఎడ్రసు రాసుకుంటాం. మా ఊర్లో ఎవులూ తప్పిపోలేదు." గుంటలంటే ఇక్కడ ఆడపిల్లలు. మూడో మనిషి చెప్పేసరికి నాలుగో మనిషి ఏమంటుందో నేను ముందే చెప్పగలిగాను.

చోడి అంబలి ఇచ్చారు. పెద్ద గ్లాసు, పక్కన ఉల్లిపాయ ముక్క. మా ఇళ్ళల్లో రాగిజావ అంటే షుగరు ఉన్నవాళ్ళ మందు. ఇక్కడ అది మధ్యాహ్నపు కడుపు. తాగబోతూ సగం నోటుబుక్కు మీద ఒంపుకున్నాను. పొద్దుటి నుంచీ రాసిందంతా బూడిదరంగు ముద్దయింది. ఎవరో "ఓలమ్మో" అన్నారు. నేను లేచి బడి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాను.

అక్కడ ఒక ముసలమ్మ చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. పేరు సూరమ్మ. నా అవస్థ చూసి తన చెంగుతోనే పేజీలు అద్దింది. అద్దుతూ అంది, "తప్పిపోయినోల్లున్నారా అని అడుగుతున్నావు కదా. మా నాగమణి తప్పిపోలేదమ్మా. పనికెలిపోనాది."

"ఎవరు నాగమణి?"

"నా మనవరాలు. తల్లీతండ్రీ లేరు, నానే పెంచినాను. ఇంటరు సదివినాది. బొబ్బిలి సంతలో ఒకామె తగిలినాది, తమిళనాడు పక్క నూలు మిల్లులో పనన్నాది. దీపావళికి ముందెల్లినాది."

"ఫోను చేస్తుందా?"

సూరమ్మ గింజ తీయడం ఆపలేదు. "మొదట్ల సేసినాది. ఇప్పుడు మోగదు. సెల్లు పాడయిపోనాదేటో."

మేం మాట్లాడుకునేది ఫిబ్రవరిలో. వరండాలోకి తిరిగొచ్చి కమిటీ రిజిస్టరు అడిగి తీసుకున్నాను. నాగమణి పేరుంది. ఎదురుగా "వలస, పనికి" అని ఉంది. కింద సంతకం కరుణగారిది. "తప్పిపోయినవారు" అనే గడిలో గుండ్రటి సున్నా. సున్నా ఎలా పుడుతుందో నాకు అక్కడ కనపడింది. పనికి వెళ్ళినవాళ్ళు తప్పిపోయినవాళ్ళు కారు. వెళ్ళేది ఎప్పుడూ పనికే కాబట్టి ఎవ్వరూ ఎప్పటికీ తప్పిపోరు.

జీపులో తిరిగొస్తూ కరుణగారిని ఏమీ అడగలేదు. అడిగితే సర్దుకుంటారు. అదొక్కటే నాకా క్షణాన తోచింది. ఆ అమ్మాయి ఎక్కడుందో అన్న ఆలోచన రెండోదిగా వచ్చింది. అది ఇప్పుడు ఒప్పుకోవడం సిగ్గుగానే ఉంది.

బొబ్బిలి

బొబ్బిలిలో సంస్థ కుట్టు శిక్షణ కేంద్రం ఉంది. మూడో రోజూ, నాలుగో రోజూ అక్కడే. వీధి చివర ఒకాయన పనసకర్ర తొలుస్తూ వీణ చేస్తున్నాడు. తంతులు లేని వీణ చూడ్డానికి గరిటెలా ఉంటుంది. కాసేపు నిలబడి చూశాను. మనసుకి కాస్త ఊపిరాడింది.

కేంద్రంలో ఆరుగురు ఆడవాళ్ళతో విడివిడిగా మాట్లాడాను. వాళ్ళంతా ఆ నరకంలోంచి బయటపడి వచ్చినవాళ్ళేనని సంస్థ చెబుతోంది. ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పారు. "మోసపోయాను. సంస్థ సాయంతో తిరిగొచ్చాను. ఇప్పుడు ధైర్యంగా ఉన్నాను." అవే మాటలు, అదే వరసలో. ఊరివాళ్ళెవరూ "ధైర్యంగా ఉన్నాను" అనరు. "బాగున్నాను" అంటారు, లేకపోతే ఏడుస్తారు. ఎవరో బట్టీ పట్టించారు.

సాయంత్రం నివేదికలోని ఫోటోలు ముందేసుకున్నాను. సాయం పొందిన స్త్రీల ముఖాలు కనపడకుండా మసక చేశారు. కుట్టుమిషను పక్కన చెయ్యి మాత్రం కనపడుతుంది. "కేసు తొమ్మిది", "కేసు పధ్నాలుగు". రెండు వేర్వేరు ఊళ్ళు, ఇద్దరు వేర్వేరు మనుషులు. మిషను మాత్రం ఒకటే. చక్రం మీద పెచ్చు ఊడిన చోటు రెంటిలోనూ ఒకే ఆకారంలో ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం కరుణగారు తన ఇంటికి భోజనానికి పిలిచింది. చిన్న పెంకుటిల్లు, శుభ్రంగా ఉంది. తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆవపెట్టిన అరటికాయ కూర, బెల్లం వేసిన చింతపండు పులుసు, వేయించిన ఎండు నెత్తళ్ళు. పులుసు తియ్యగా ఉంటే మా ఇంట్లో పెళ్ళాన్ని తిడతారు. ఇక్కడ రెండోసారి అడిగి వేసుకున్నాను. తిన్నాక అడిగాను.

"కేసు పధ్నాలుగుని కలవాలండీ."

ఆవిడ కంచాలు తీస్తున్నదల్లా ఆగింది. "ఆ అమ్మాయి కాదు మేడమ్. మిగతా ఎవర్నైనా అడగండి."

"నాకు ఎవర్నైనా కలిసే హక్కుందని ఒప్పందంలో ఉంది."

"ఉన్నాది. అయినా ఆ అమ్మాయి కాదు."

"ఎందుకు?"

"కాదంటే కాదు. అంతే."

మనిషి ఉంటేగా కలపడానికి, అనుకున్నాను.

ఆ రాత్రి జీపు లాగ్‌బుక్కు తెప్పించుకున్నాను. కరుణగారు ఏడాదిలో మూడుసార్లు కోటబొమ్మాళి వెళ్ళింది. "ప్రయాణ ఉద్దేశం" గడి మూడుసార్లూ ఖాళీ. నివేదికలో కేసు పధ్నాలుగు గురించి, "రైల్వే స్టేషనున్న చిన్న పట్టణంలో, మూణ్ణాలుగేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని, టైలరింగుతో జీవిస్తోంది" అని ఉంది. రెండూ కలిపి చూసుకున్నాను. మర్నాడు ఆదివారం. కరుణగారికి చర్చి, నాకు సెలవు.

కోటబొమ్మాళి

ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నాను. కోసిన వరిమళ్ళు, అక్కడక్కడా జీడితోటలు. నాగమణి సంగతి పట్టుకున్నానన్న గర్వం ఇంకా దిగలేదు. ఈ కేసు కూడా గాలికథ అని తేలితే నివేదిక దానంతటదే రాసుకుపోతుంది.

స్టేషను బయట టీకొట్టు నడిపే ఆవిణ్ణి మొదట అడిగాను. "ఇక్కడ మిషను కుట్టే అమ్మాయి, మూణ్ణాలుగేళ్ళ కింద పెళ్ళై వచ్చిందట, ఎవరండీ?" ఆవిడకి తెలియదు. ఆటో ఎక్కాను. ఆటోవాలా అరవై ఏళ్ళ మనిషి. అతన్నీ అడిగాను. "బజారులో గుడ్డలకొట్టాయనకి తెలస్తాది" అన్నాడు. గుడ్డలకొట్టు యజమాని లైనింగు గుడ్డ కొలుస్తూ, "ఎందుకమ్మా? ఎవుల తాలూకు మీరు?" అన్నాడు. "విజయనగరం నుంచి. ఆడపిల్లల కోసం పనిచేసే సంస్థ" అన్నాను. ఆయన గజంబద్ద పక్కన పెట్టాడు. "అలగా," అని, ఆటోవాలాకి దారి చెప్పాడు.

చిన్న సందులో ఇల్లు. ముందు గదిలో మిషను. దాని ముందు పాతికేళ్ళ అమ్మాయి. గౌరి అంటాను. పక్కన చాప మీద ఆమె అత్త జాకెట్లకి హుక్కులు కుడుతోంది. నేనింకా దిగకముందే ఆటోవాలా గుమ్మంలోకి కేకేశాడు.

"ఓ పిల్లా, నీకోసవేనట. ఇజీనారం సంస్థోల్లంట!"

అత్త తలెత్తింది. "ఏ సంస్థే?"

గౌరి నా ముఖం చూడలేదు. నా భుజాన వేలాడుతున్న సంచీ చూసింది. ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతుల బొమ్మ. చుట్టాన్ని లోపలికి పిలిచినట్టే నవ్వుతూ లేచొచ్చి, నా భుజం మీంచి సంచీ తీసుకుని, బొమ్మ గోడవైపు తిప్పి బల్ల కింద పెట్టింది. దానిమీద ఇన్ని ముక్కగుడ్డలు పడేసింది.

"సంస్థేటి మావా, నీకన్నీ అలగే ఇనపడతాయి. సిల్కు జాకెట్టు మేడమ్. టెక్కలి టీచరుగారు సెప్పి పంపినారు. రండి మేడమ్, లోపలికి. కొలతలు తీసుకుంటాను."

కర్టెను వేసింది. టేపు నా మెడ చుట్టూ పెట్టింది. గొంతు తగ్గించి, "ఎవులు పంపినారు?" అంది.

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"కరుణమ్మకి తెలుసా?"

"తెలియదు."

టేపు పట్టుకున్న చెయ్యి కదల్లేదు. తర్వాత పైకి, అత్తకి వినపడేలా, "మెడ పద్నాలుగు. డీప్ పెట్టమంటారా మేడమ్?" అంది. మళ్ళీ గుసగుసగా, "దారిలో ఎంతమందిని అడిగినారు?"

"ముగ్గుర్ని."

"ఎవులెవుల్ని? ఏటని? అన్నమాట అన్నట్టు సెప్పండి."

చెప్పాను. టీకొట్టు, ఆటో, గుడ్డలకొట్టు. చిన్నప్పుడు బళ్ళో తప్పు ఒప్పుకున్నట్టు, ఒక్కొక్క మాటా అప్పజెప్పాను. "ఆడపిల్లల కోసం పనిచేసే సంస్థ" అన్న దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది.

"ఆ కొట్టాయన భార్య నా కాడే కుట్టించుకుంటాది," అంది. టేపు భుజానికి మార్చి, "మా ఆయనకి అంతా తెలుసు. తెలిసే సేసుకున్నాడు. మా అత్తకి తెల్దు. నాకు రెండేళ్ళ గుంటున్నాది మేడమ్."

తప్పు చేశానని అనబోతే ఆమె అడ్డం పడింది.

"అదొద్దు. ఇనండి. మీరు ఎనక్కెల్లి ఆ ముగ్గురి కాడా ఆగాల. ఊరు తప్పొచ్చాను అని సెప్పండి. కుట్టు నేర్పే టీచరు కావాల, పలాసలో ఉన్నాది, నాను ఇక్కడ దిగిపోయాను అనండి. మీలాంటి పెద్దోల్లు, సదువుకున్నోల్లు, ఊరు తప్పొచ్చారంటే అందరూ నవ్వుతారు. నవ్వితే మర్సిపోతారు. నవ్వకపోతే మాత్రం ఆలోసిస్తారు."

"సంస్థ అన్నానుగా..."

"కుట్టుపని నేర్పే సంస్థ అనండి. ఆడపిల్లలకి కుట్టు నేర్పుతారు. దాన్లో ఏటున్నాది?" పైకి అంది, "సెయ్యి పదకొండు. మోచేతి దాకా బాగుంటాది మీకు."

అప్పుడైనా నేను వెళ్ళిపోవాల్సింది. పాత బుద్ధి ఊరుకోలేదు. "ఒక్కమాట. ఈ మిషను వాళ్ళే ఇచ్చారా?"

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదు, అలసట.

"ఇంకా రాసుకుంటున్నారా? మిషను నాను కొనుక్కున్నాను. వాల్లివ్వలేదు. ఆల్లు నన్ను తెచ్చినారు. అది నిజం. నా పెళ్ళికి మా అమ్మ రాలేదు. కరుణమ్మే మా పెద్దమ్మనని సెప్పి కూకున్నాది. నెల నెలా కొత్త నంబరు నుంచి ఫోను సేస్తాది. నాను రాంగు నంబరండీ అంటే బాగున్నానని అర్తం. వేరే మాటంటే బయల్దేరి వచ్చెస్తాది. అది రాసినారా మీ కాయితంలో?"

"లేదు," అన్నాను.

"రాయకండి," అంది. కర్టెను తీసేసింది.

అత్త నన్ను కూర్చోమంది. బెల్లం టీ ఇచ్చింది. "మా కోడలి సెయ్యి మంచిది, మీ ఊర్లో ఎంత తీసుకుంటారు?" అంది. నాలుగొందలన్నాను. "ఓలమ్మో, దోపిడీ!" అని బుగ్గ నొక్కుకుంది. ఇక్కడ నూట యాభై. గౌరి తలొంచుకుని మిషను తొక్కుతోంది. నా సంచీని పాత చీరముక్కలో చుట్టి చేతికిచ్చింది.

మూడు అబద్ధాలు

ఆటో బయటే ఆగి ఉంది. ముందు గుడ్డలకొట్టు. "అయ్యో, ఊరు తప్పానండీ! నాకు కావలసిన కుట్టుపంతులమ్మ పలాసలో ఉందట. ఫోను చేస్తే చెప్పింది. ఆడపిల్లలకి కుట్టు నేర్పే సంస్థ మాది. ఈ అమ్మాయి పాపం, టెక్కలి టీచరుగారు పంపిన మనిషిననుకుని జాకెట్టు కొలతలు తీసేసింది!" అన్నాను. ఆయన కాసేపు చూశాడు. "టిక్కెట్టు మీద రాసుంటాది కదమ్మా ఏ ఊరో," అన్నాడు. "కళ్ళజోడు మర్చిపోయానండీ" అన్నాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. ఆయన దానివైపు చూశాడు, పక్కనున్న గుమస్తావైపు చూశాడు, ఇద్దరూ పగలబడి నవ్వారు. అంత ఇష్టంగా నేనెప్పుడూ అవమానపడలేదు.

ఆటోవాలా దారంతా నవ్వుతూనే ఉన్నాడు. టీకొట్టావిడ కూడా నవ్వింది. "ఇంకో గంటలో బండుంది, ఈసారి మాత్రం పలాసలోనే దిగండి," అని మరీ మరీ చెప్పింది. వాళ్ళు చూస్తుండగా పలాసవైపు వెళ్ళే బండే ఎక్కాల్సొచ్చింది. అక్కడ దిగి, ప్లాట్‌ఫాం మారి, మళ్ళీ విజయనగరం బండి పట్టుకున్నాను. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో ఎన్నో లెక్కలు సరిచూశాను. ఒక లెక్కని ఇంత శ్రద్ధగా చెడగొట్టింది ఆరోజే.

మళ్ళీ రామతీర్థం దారిలో

సోమవారం పొద్దున్నే కరుణగారికి అంతా చెప్పాను. ఆవిడ వెంటనే సంచీలోంచి ఇంకో ఫోను తీసి నొక్కింది. చెవికి పెట్టుకుని విని, పెట్టేసింది.

"ఏమంది?"

"రాంగు నంబరంది." అప్పుడు కుర్చీలో కూలబడింది. "మీకు వద్దని చెప్పేను కదా మేడమ్. ఎన్నిసార్లు చెప్పేను?"

"చెప్పారు. ఎందుకో చెప్పలేదు."

"ఎందుకో చెప్తే ఆ అమ్మాయి గుట్టు చెప్పినట్టే కదా!"

నిజమే. ఆ ఆరుగురి మాటల గురించి అడిగితే అంది, "నేనే నేర్పాను. మీలాంటోళ్ళు ఏడాదికి నాలుగుసార్లొస్తారు. వచ్చినోళ్ళందరికీ కడుపులో ఉన్నది తీసి చూపించాలేటి? మూడు మాటలు చెప్పి లేచెళ్ళిపొండి అన్నాను." ఫోటోలో మిషను సంగతి కూడా దాచలేదు. అది కేంద్రంలోదేనట. ఫోటో కావాలని ఆఫీసువాళ్ళు ఒత్తిడి చేస్తే, శిక్షణకొచ్చిన వేరే అమ్మాయి చెయ్యి పెట్టి తీశారట.

"మరి నాగమణి?" అన్నాను.

ఆవిడ మొహం మారింది. నేను సూరమ్మ చెప్పింది చెప్పాను. దీపావళి నుంచి లెక్కపెట్టి చెప్పాను. ఆ సంతలో మనిషి పేరు ఎవరికీ తెలియదని చెప్పాను.

"ఫోను మోగట్లేదని నాకూ చెప్పింది ముసలామె," అంది కరుణగారు. "ఆఫీసులో చెప్తే, ఇంట్లోవాళ్ళే పనికెళ్ళిందంటున్నారు, మనకి వేరే గడి లేదు అన్నారు. నేను రెండోసారి చెప్పలేదు." మళ్ళీ ఆవిడే, "సున్నా నాకూ బాగుందనిపించింది మేడమ్. పదకొండేళ్ళ తర్వాత ఒక సున్నా."

ఆవిడ మీద నా అనుమానం అంతా తీరిపోయిందని అనను. అయితే ఆ మాట అన్నాక ఆవిడ జీపు తాళాల కోసం చూసింది, నేను చెప్పులు వేసుకున్నాను. ఇద్దరం బయల్దేరాం.

సూరమ్మ మొదట రానంది. "పోలీసుటేసనా? గుంటకి పేరు సెడిపోతాది." కరుణగారు ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని, "పిన్నీ, పేరు మనం కాపాడుకుందాం. ముందు మనిషి రావాల కదా," అంది. ముసలామె చింతపండు చేతులు కడుక్కుంది. స్టేషన్లో ఒక ఆడ కానిస్టేబులు ఓపిగ్గా రాసుకుంది. ఫోటో అడిగింది. సూరమ్మ దగ్గర ఇంటరు హాల్‌టిక్కెట్టు ఉంది. రాయడం అయ్యాక వేలిముద్ర వెయ్యమంటే, బొటనవేలు చీరకి మూడుసార్లు తుడుచుకుని వేసింది. ఆఖర్న కానిస్టేబులుని అడిగింది, "ఇప్పుడు మా నాగమణి తప్పిపోయినట్టేనేటమ్మా?"

కానిస్టేబులు కాగితం మీద ముద్ర వేసి, నకలు ఆమె చేతికిచ్చింది.

ఇంటికొచ్చాక

నివేదికలో రాశాను. సున్నా తప్పని, వలస వెళ్ళి మాట్లాడని పిల్లల్ని వేరే గడిలో వెయ్యాలని, ఆ గడి ప్రతినెలా ఎవరో ఒకరు చదవాలని. మిషను ఫోటో బూటకమనీ రాశాను. ట్రస్టు అధికారి ఫోను చేశాడు.

"కేసు పధ్నాలుగుని ధ్రువీకరించారా మేడమ్? ఆ గడి ఖాళీగా ఉంది."

"కలవడం కుదరలేదండీ."

"అయితే ఆ మనిషి అసలుందో లేదో అనుమానమేనన్నమాట."

"అలాగే రాసుకోండి," అన్నాను. ఆ ఒక్క గడి వల్ల సంస్థకి ఒక మార్కు తగ్గింది. కరుణగారికి చెప్తే, "తగ్గనివ్వండి" అంది. ఈ కథ రాయొచ్చా అని నా తరఫున గౌరిని అడిగింది కూడా ఆవిడే. ఆనవాళ్ళు మార్చి రాసుకోమందట.

పోయినవారం కరుణగారు మళ్ళీ ఫోను చేసింది. నాగమణి దొరికింది. మిల్లులో కాదు. వేరే రాష్ట్రంలో, ఒక ఇంట్లో. ఇంకో ఇద్దరు పిల్లలతో పాటు పోలీసులు బయటికి తెచ్చారు. కొన్నాళ్ళు హోములో ఉండి ఊరికొచ్చింది.

"ఎలా ఉంది?"

"తెలీదు మేడమ్. సూరమ్మ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. మా గుంట పనికెల్లినాది, వొచ్చినాది, అంతే, ఎవులూ రాకండి అంది. లోపల్నించి అంట్లు తోముతున్న సప్పుడు మాత్రం వినపడ్డాది."

తర్వాత ఆవిడ అడిగింది. "పోలీసు కాయితంలో ఉన్నది ఉన్నట్టే ఉంది. కమిటీ రిజిస్టరు నా ముందుంది. దీన్ని ఊళ్ళో ప్రతి మనిషీ తిరగేస్తాది. నాగమణి పేరు ఎదురుగా ఏటి రాయమంటారు?"

ఆ పేజీ నాకు గుర్తుంది. ఆ గీతల్లో ఉన్న మోసాన్ని పట్టుకున్నందుకు నేను రైల్లో గర్వపడ్డాను.

"పనికి వెళ్ళింది, తిరిగొచ్చింది అని రాయండి," అన్నాను. "కింద నా సంతకం కూడా కావాలంటే వచ్చి పెడతాను."